పప్పులో కలిపిన మాత్ర

పరీక్షలో రాసే జవాబు

ఫార్మసీ చదువుకుని మా ఆసుపత్రికి శిక్షణకు వచ్చినవాళ్ళని మొదటిరోజే ఒక ప్రశ్న అడిగేదాన్ని. అసిటాల్డిహైడ్ అంటే ఏమిటి? అందరూ టకటకా చెప్పేవారు. రంగులేని ద్రవం, ఇరవై డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది, ఇట్టే అంటుకుంటుంది, నీళ్ళలో కలిసిపోతుంది. ఆక్సిజన్‌తో కలిస్తే ఎసిటిక్ ఆమ్లం అవుతుంది. రంగులకీ, సువాసన ద్రవ్యాలకీ, మందుల తయారీకీ ఫ్యాక్టరీల్లో వాడతారు. పండిన పళ్ళలో, కాఫీలో రవంత ఉంటుంది. జవాబు అక్కడితో అయిపోయేది. మరి మనిషి ఒంట్లో అది చేసే పనేమిటని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

వాళ్ళని తప్పుపట్టను. నేనూ అలాగే చదివాను. బిలాస్‌పూర్ ఎండల్లో ఆ సీసాని మా కాలేజీ మాస్టారు ఐసులో పెట్టి తెచ్చేవారు. మూత తీస్తే మొదట బాగా ముగ్గిన జామపండు వాసనలా ఉండి, ఆ వెంటనే ముక్కులోకి సూదిలా దిగేది. వాసన గుర్తుపట్టాం, ఫార్ములా రాశాం, మార్కులు వేయించుకున్నాం. అది నెత్తుటిలో నిలిచిపోతే మనిషి ఏమవుతాడో తెలియడానికి నాకు ఇరవై ఏళ్ళు పైన పట్టింది. బొగ్గు ఎత్తే క్రేను మీదనుంచి దిగి నేల మీద కూలబడిన ఒక మనిషిని చూశాక తెలిసింది. ఆ మనిషి కూలబడటానికి కారణం నేను.

మందుల కౌంటర్లో కూర్చోబోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఎప్పుడు హెడ్ ఫార్మసిస్టునయ్యానో, ఎన్ని రిజిస్టర్లు నింపానో ఇక్కడ రాయను. అవి ఎవరైనా నింపుతారు.

కిటికీకి అవతల

స్టేషన్‌కి కాస్త దూరంలో ఉన్న ఒక ట్రస్టు ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. పేరు రాయను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలో ఫిట్టరుగా వచ్చారు. నేను పుట్టి పెరిగింది బిలాస్‌పూర్‌లోని తార్‌బహార్‌లోనే. అందుకని మా వైపు యాస చెవిన పడితే నా చెయ్యి కొంచెం ఎక్కువ చనువుగా అల్మారాలోకి వెళ్ళేది. ఈ సంగతి గర్వంగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు సిగ్గుగా చెబుతున్నాను.

పైడమ్మ మా వీధిలోనే బట్టలు కుట్టేది. భర్త అప్పారావు ఒక ప్రైవేటు బొగ్గు సైడింగులో, అంటే వ్యాగన్లలోకి బొగ్గు ఎక్కించే చోట, క్రేను నడిపేవాడు. నెమ్మదైన మనిషి, కానీ డ్యూటీ దిగాక ఇప్పసారా తాగకుండా ఇల్లు చేరేవాడు కాదు. అతను తిట్టేవాడూ కాదు, కొట్టేవాడూ కాదు. పైడమ్మ భయమల్లా ఒక్కటే. ముందురోజు తాగింది దిగకుండానే పొద్దున్నే క్రేను ఎక్కుతున్నాడు, ఏదో ఒక రోజు అంత ఎత్తునుంచి పడిపోతాడని.

ఒక మధ్యాహ్నం ఆమె కౌంటరు దగ్గరికి వచ్చి, చీర కొంగులోంచి ఒక పొట్లం తీసి చూపించింది. గోల్ బజార్‌లో ఎవరో వైద్యుడినని చెప్పుకునేవాడి దగ్గర కొన్నదట. తాగేవాడికి తెలియకుండా అన్నంలో కలిపి పెడితే నెలలో మానేస్తాడని చెప్పాడట. పసుపు రంగు పొడి. దాని మీద పేరు లేదు, అందులో ఏముందో లేదు, ఎవరు తయారుచేశారో లేదు. నాకు ఒళ్ళు మండింది. ఏముందో తెలియని పొడిని ఒక మనిషి పొట్టలోకి పంపమని చెప్పడానికి వాడికి నోరెలా వచ్చిందని ఆమె ముందే తిట్టాను. పొట్లాన్ని చెత్తబుట్టలో పారేశాను.

అంతవరకు నేను చేసింది సరైన పనే. ఆ తరవాత చేసింది వినండి.

అల్మారాలోంచి డైసల్ఫిరామ్ మాత్రలు తీశాను. తాగుడు మానాలనుకునేవాళ్ళకి మా పెద్ద డాక్టరు తివారీగారు రాసే మందే అది. రోజుకొకటి పొడిచేసి పప్పులో కలిపెయ్యమని చెప్పాను. డాక్టరు చీటీ లేదు. గుండె, కాలేయం పరీక్షలు లేవు. తాగేది అతను, అడిగింది ఆమె, ఇచ్చింది నేను. ఆ పొడివాడికీ నాకూ ఉన్న తేడా ఏమిటంటే, నేనిచ్చినదాంట్లో ఏముందో నాకు తెలుసు. మింగబోయే మనిషికి మాత్రం ఇద్దరి దగ్గరా తెలియదు.

తివారీగారు ఆ మందు ఎవరికి రాసినా ముందు ఎదురుగా కూర్చోబెట్టుకుని అరగంట మాట్లాడేవారు. మనిషి ఒప్పుకుంటేనే, తాగడం మానేసి పన్నెండు గంటలు దాటితేనే మొదలుపెట్టేవారు. ఏ దగ్గు మందు తాగకూడదో, ఏ టానిక్కు ముట్టకూడదో కాగితం మీద రాసిచ్చేవారు. ఆ అరగంట నాకు చాదస్తంగా కనిపించేది. బయట లైను పెరిగిపోతోందని విసుక్కునేదాన్ని కూడా.

అయిదో రోజున పైడమ్మ నవ్వు మొహంతో వచ్చింది. "అక్కా, మందు పన్చేస్తంది. ఆడి దగ్గిర వాసనే నేదు" అంది. నేనూ మురిసిపోయాను. అప్పుడే నాకు తట్టవలసింది. ఆ మాత్ర తాగాలన్న కోరికని తీసెయ్యదు. తాగితే ఒళ్ళు తిరగబడేలా చేస్తుందంతే. ఒళ్ళు తిరగబడకుండా, వాసన లేకుండా మనిషి ఇంటికి వస్తున్నాడంటే అప్పటికే తనంతట తను మానేశాడని అర్థం. చదువుకున్నదాన్ని నాకు అర్థం కాలేదు. పొగడ్త ముందు చదువు ఎక్కడికి పోతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎర్రగా కందిన మనిషి

ఎనిమిదో రోజు పదకొండు గంటలకి అప్పారావుని జీపులో తీసుకొచ్చారు. నేను వార్డుకి మందులు ఇవ్వడానికి వెళ్ళి చూశాను. మొహం, మెడ, ఛాతీ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. కళ్ళలోకి కూడా ఎరుపెక్కింది. ఆగకుండా వాంతులు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే చొక్కా కదలడం కనిపిస్తోంది. బీపీ పడిపోతోంది. తల పగిలిపోతోందని చేతులతో పట్టుకున్నాడు. క్రేను మీద ఉండగా మొదలైందట. ఏదో జరుగుతోందని గ్రహించి, మీట ఆపి, నిచ్చెన పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగాడు. నేల మీద కాలు పెట్టాకే పడిపోయాడు. కింద మనుషులున్నారు. పైన బొగ్గు తొట్టె వేలాడుతోంది. ఆ మీట ఆపకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు వంగి నోటి దగ్గర వాసన చూశాడు. పులిసిన బెల్లం వాసన. అంతే, కేసు షీటు మీద మద్యం సేవించి వచ్చాడని రాసేశాడు. నాడి ఇంకా పూర్తిగా చూడలేదు, తీర్పు మాత్రం రాసేశాడు. కంపెనీ సూపర్‌వైజరు అక్కడే నిలబడి ఆ కాగితాన్ని ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. అతన్ని లోపలికి రానిచ్చింది ఎవరు? రోగి కాగితాన్ని ఫోటో తీస్తుంటే నర్సు, డాక్టరు, నేను, ఒక్కరమూ ఎందుకు ఆపలేదు? మాసిన బట్టలతో వచ్చిన మనిషి కాబట్టి. తెల్లచొక్కా వేసుకున్న ఆఫీసరు కాగితమైతే అలా ఊరుకునేవాళ్ళమా?

పైడమ్మ పరుగున వచ్చింది. ఏడుస్తూనే నా చెవి దగ్గర, "తాగినట్టున్నాడక్కా, మందు పట్టుకుంది" అంది. ఆ గొంతులో భయం ఉంది, పక్కనే ఏదో ఊరట కూడా ఉంది.

నా గురించి చెప్పుకోదగ్గ మంచి ఒక్కటుంటే అది ఆ క్షణంలో చేసింది. నేరుగా తివారీగారి గదికి వెళ్ళి, డైసల్ఫిరామ్ నేనే ఇచ్చాను, అతనికి తెలియదు అని చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నన్ను దాటుకుని వార్డులోకి వెళ్ళిపోయారు. ఆక్సిజన్ పెట్టించారు, సెలైన్లు ఎక్కించారు, మంచం పక్కనే స్టూలు వేసుకుని మానిటరు చూస్తూ కూర్చున్నారు. సాయంత్రానికి బీపీ నిలబడింది. ఎరుపు మెల్లగా దిగింది.

అప్పుడు నన్ను పిలిచారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు, ఆ రోజూ పెంచలేదు. మద్యం కాలేయంలోకి వెళ్ళగానే ముందు అసిటాల్డిహైడ్ అవుతుందని నాకు మళ్ళీ మొదటినుంచి చెప్పారు, ఒకటో తరగతి పిల్లకి చెప్పినట్టు. అది మద్యం కన్నా విషం. ఆరోగ్యమైన ఒంట్లో ఒక ఎంజైము దాన్ని వెంటవెంటనే ఎసిటిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. అది చివరికి నీరు, బొగ్గుపులుసు గాలిగా బయటికి పోతుంది. ఈ మాత్ర ఆ ఎంజైముని పనిచెయ్యనివ్వదు. మాత్ర ఆపేసినా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఒంట్లో ఉంటుంది. ఆ లోపల మద్యం ఏ రూపంలో వెళ్ళినా అసిటాల్డిహైడ్ పోయే దారి లేక రక్తంలో పోగవుతుంది. రక్తనాళాలు వదులైపోతాయి, మొహం కందుతుంది, గుండె పరుగెడుతుంది. గుండె బలహీనమైనదైతే ఆగిపోతుంది.

"నువ్వు అతనికి మందివ్వలేదు. అతని ఒంట్లో ఒక తలుపుకి తాళం వేసి, వేశానని అతనికి చెప్పకుండా వచ్చేశావు" అన్నారు.

నేను ఏదో అనబోయాను, అతను తాగకుండా ఉండవలసిందని. ఆయన చెయ్యెత్తి ఆపారు. తాగాడని నీకెలా తెలుసని అడిగారు.

చొక్కా జేబులో సీసా

తెలియదు. మర్నాడు నర్సు అప్పారావు బట్టలు మూటకడుతుంటే చొక్కా జేబులోంచి ఒక సీసా పడింది. ఒళ్ళు నొప్పులకీ దగ్గుకీ వాడే ఒక అరిష్టం. ఆయుర్వేదం దుకాణాల్లో ఎవరైనా అడిగితే ఇస్తారు. సగానికి పైగా ఖాళీ. లేబులు మీద, అద్దం పెట్టి చదవవలసినంత చిన్న అక్షరాల్లో, సహజంగా పులియడం వల్ల పుట్టిన ఆల్కహాలు ఉన్నదని రాసి ఉంది. పులిసిన బెల్లం వాసన ఎక్కడిదో అప్పుడు తెలిసింది. ఆ మాత్ర మింగని మనిషికి అది ఏమీ చెయ్యదు. మింగిన మనిషికి ఆ కొంచెమే చాలు.

సీసా తీసుకెళ్ళి తివారీగారి బల్ల మీద పెట్టాను. ఆయన కేసు షీటులో కుర్ర డాక్టరు రాసిన వాక్యాన్ని కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, అసలు కారణం రాశారు. అసిటాల్డిహైడ్ అన్న మాట ఒక రోగి కాగితం మీద నేను చూడటం అదే మొదలు. మాత్ర ఎవరిచ్చారన్న చోట ఖాళీ వదిలేశారు. అది నువ్వు రాయాలి అన్నారు.

ఈలోగా మేనేజరు పిలిపించాడు. చీటీ లేకుండా మాత్రలు ఇచ్చామని కాగితం మీద పడితే డ్రగ్ ఇన్‌స్పెక్టరు వస్తాడు, ఫార్మసీ లైసెన్సు పోతుంది, ఆసుపత్రి పేరు పోతుంది అన్నాడు. రోగి బతికాడు కదా, ఇంక దేనికి కెలకడం అన్నాడు. అతను తాగుబోతన్న సంగతి ఊరందరికీ తెలుసు, మరోసారి అనిపించుకుంటే కొత్తగా పోయేదేముంది అని కూడా అన్నాడు. ఆ మాట నా ఎదురుగా ఒక చదువుకున్న మనిషి అన్నాడు, నేను విని ఊరుకున్నాను. నాలుగు రోజులు ఊరుకున్నాను. ఉద్యోగం పోతుందన్న భయం తప్ప ఇంకో కారణం లేదు, ఉందని బుకాయించను.

ఆ నాలుగు రోజుల్లో సూపర్‌వైజరు తీసిన ఫోటో సైడింగులో పనిచేసే అందరి ఫోన్లలోకీ వెళ్ళింది. డ్యూటీలో తాగినందుకు పనిలోంచి తీసేశామని కంపెనీ నుంచి అప్పారావుకి కాగితం వచ్చింది.

అయిదో రోజు అతనే కౌంటరు దగ్గరికి వచ్చాడు. డిశ్చార్జి అయి రెండు రోజులైంది, ఇంకా మొహం వాడిపోయే ఉంది. వరసలో తన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు. కిటికీలోంచి కంపెనీ కాగితం నా ముందు పెట్టాడు.

"మేడమ్, నాను తాగనేదు. ఒగ్గీసి పదేను రోజులైంది. ఇన్నిసార్లు ఒగ్గీసినానని సెప్పి మల్లీ తాగినాను కదా, నవ్వుతారని ఎవుళికీ సెప్పనేదు. నెల నిండినాక సెబుదామనుకున్నాను. ఇప్పుడు సెబితే ఇంట్లో ఆవిడీ నమ్మనేదు. మీరు మందులోళ్ళు కదా, మీకు తెలుస్తాది. తాగకుండా ఇలగెందుకయ్యింది?"

ఊళ్ళో ఇంత మంది ఉండగా అతను వచ్చి నన్నడిగాడు. నేను కిటికీ మూసి, బయటికి వెళ్ళి, వరండాలో బెంచీ మీద అతని పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ఎవరడిగారు, ఎవరిచ్చారు, ఎందులో కలిపారు, సీసాలో ఏముంది. అంతా విని అతను అన్నాడు.

"అచ్ఛా. పప్పు తుప్పు వాసనొస్తందేటని రోజూ అడిగినాను. మాయావిడ కొత్త కొళాయి నీళ్ళంది."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. తాగలేదని కాగితం మీద రాసిస్తారా అని మాత్రం అడిగాడు. అక్కడే రాశాను. మాత్రలు చీటీ లేకుండా, రోగికి తెలియకుండా నేనే ఇచ్చానని, అతను మద్యం తాగలేదని, ఆ పొద్దున దగ్గు కోసం తాగిన అరిష్టమే కారణమని రాసి సంతకం పెట్టి, ఒక ప్రతి అతనికి, ఒక ప్రతి మేనేజరుకి ఇచ్చాను.

మేనేజరు నన్ను కౌంటరు మీదనుంచి తీసి ఆరు నెలలు గోడౌన్లో పడేశాడు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు, మొట్టికాయలు వేశాడు, లైసెన్సు మాత్రం ఉంచాడు. నాకు అంతకన్నా పెద్ద శిక్ష పడవలసింది. తివారీగారు స్వయంగా సైడింగు ఆఫీసుకి వెళ్ళారు, నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. సూపర్‌వైజరు నా కాగితం రెండుసార్లు చదివి, ఎంత చెప్పినా పాత తాగుబోతే కదా డాక్టర్‌సాబ్ అన్నాడు. విషం ఎక్కుతుండగా మీట ఆపి దిగినవాడు, మీ మనుషుల్ని కాపాడింది అతనే అని తివారీగారు అన్నారు. మొదట లారీలు తూచే కాటా దగ్గర కూర్చోబెట్టారు, ఏడాది తిరక్కుండా క్రేను మళ్ళీ ఇచ్చారు. కానీ ఆ ఫోటో పంపినవాళ్ళు ఒక్కరు కూడా, అది తప్పని ఇంకో మెసేజి పంపలేదు.

గోడల మీద, ఫోన్లలో

ఇప్పుడు నా కోపమంతా చెప్పనివ్వండి. మోప్కా వెళ్ళే దారిలో గోడల మీద ఇప్పటికీ అవే రాతలు. తాగేవాళ్ళకి తెలియకుండా తాగుడు మాన్పించండి. అదే మాట ఇప్పుడు ఫోన్లలో బొమ్మలతో, ఏడుస్తున్న ఆడవాళ్ళ మొహాలతో వస్తోంది. పొడి ఇంటికే పంపిస్తారట. అందులో ఏముందో నేను చెప్పలేను, ఎందుకంటే వాళ్ళు చెప్పరు. ఒక మనిషికి తెలియకుండా అతని ఒంట్లోకి మందు పంపడాన్ని వైద్యమంటున్నారు. దానికి ప్రేమ అని పేరు పెడుతున్నారు. ఇంట్లో మగవాడు తాగి వస్తే భార్యకి సలహా చెప్పే డాక్టరు దొరకడు, కౌన్సిలరు దొరకడు. పొడి అమ్మేవాడు మాత్రం అడుగడుగునా దొరుకుతాడు. పైడమ్మని ఆ దుకాణానికి పంపింది ఆ లోటే. నా కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు ఆ లోటు తీర్చడం నా పని. ఆమెని తివారీగారి దగ్గరికి తీసుకెళ్ళడానికి ఇరవై అడుగులు నడిస్తే సరిపోయేది.

నేను తాగుడిని వెనకేసుకు రావడం లేదు. రోజూ తాగే మనిషి గొంతునీ, అన్నవాహికనీ ఏళ్ళ తరబడి కాల్చి కేన్సరు దాకా తీసుకెళ్ళేవాటిలో ఈ అసిటాల్డిహైడే ముఖ్యమైనది. అది చెప్పండి, భయపెట్టేలా కాదు, అర్థమయ్యేలా చెప్పండి. ఆ మాత్ర కూడా చెడ్డది కాదు. తను ఒప్పుకుని, రోజూ పొద్దున్నే తన చేత్తో నోట్లో వేసుకుని బాగుపడినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళకి పనిచేసింది సగం మాత్ర, సగం వాళ్ళ ఒప్పుకోలు. రెండోది సీసాలో దొరకదు. దాన్ని వదిలేసి మొదటిదే ఇచ్చేవాడు, వాడు ఎంత చదివినా, గోల్ బజార్ పొట్లంవాడే.

కౌంటరు ముందు నిలబడినవాళ్ళు ఎంత బతిమాలినా, మీ ఊరివాళ్ళే అయినా, ఏడ్చినా, ఒక్క మాట అడగండి. ఇది మింగబోయే మనిషికి తెలుసా? తెలియదంటే చెయ్యి వెనక్కి తీసుకోండి.

పైడమ్మ అడిగినది

అప్పారావు మళ్ళీ తాగలేదు. ఆ సంగతి అందరూ నాకు శుభవార్తలా చెబుతారు. మీ మందు వల్లే మానేశాడని కొందరు ఇప్పటికీ అంటారు, నేను వాళ్ళతో పోట్లాడతాను. ఆ మందుకి ముందే మానేశాడు.

నేను రిటైరయ్యే ముందు నెలలో పైడమ్మ కౌంటరుకి వచ్చింది. తలనొప్పి మాత్రలు తీసుకుంది, అయినా కదల్లేదు. వెనక ఎవరూ లేరు. మీ ఆయన బాగున్నాడా అని అడిగాను. బాగున్నాడంది. డ్యూటీకి ఎల్తన్నాడు, నవ్వుతాడు, మాటాడతాడు, పండక్కి చీర తెచ్చాడు అంది. అప్పుడు మిగతాది చెప్పింది. నేను నిజం చెప్పిన రోజునుంచి అతను వేరే చిన్న స్టవ్వు పెట్టుకున్నాడు. తన పప్పు తను వండుకుంటాడు, తన గిన్నె తను తోముకుంటాడు. ఇన్నేళ్ళలో ఒక్క పూట కూడా ఆమె వండింది ముట్టలేదు. కోపం లేదు, గొడవ లేదు. పెట్టనా అంటే, వొద్దులే అంటాడట నెమ్మదిగా.

"ఆడు నా సేతి కూడు తినడక్కా. దానికేటైనా మందుందేటి?"

నా వెనక అల్మారాల నిండా మందులున్నాయి. లేదని చెప్పాను.